హల్లుకి అచ్చు

డిసెంబరు మూడో శనివారం.
నోరీన్ నా ముందు అరచేతంత అట్టముక్కలు పడేసి
"ఏడాదంతా ఎవరూ ముట్టుకోనివి ఆ పెట్టెలో ఉన్నాయి,
ఒక్కోదానికీ నాలుగు మాటలు రాసి గుచ్చు,
అబద్ధం మాత్రం రాయకు" అని
హీటరు ముందు కాళ్లు చాపుకుంది.

బయట హల్.
పేరులోనే పొల్లు ఉన్న ఊరు.
చివర అచ్చు దొరక్క
హంబర్ బురదలో నోరు సగం తెరిచి
ఏదో అనబోయి ఆగినట్టుంటుంది.
అచ్చు తగిలితేనే హల్లు పలుకుతుందని
ఒకటో తరగతిలో బెత్తంతో చెప్పారు నాకు.
ఈ పెట్టెలో రికార్డులు
మూడేసి వందలు అచ్చయ్యాయి.
ఒక్క చెవీ తగల్లేదు.

పైన ఉన్నది, బార్న్స్‌లీ అవతల
మూతపడ్డ బొగ్గుగని వాళ్ల ఇత్తడి బాజాలు.
పదకొండు మంది, తొమ్మిది మందికి అరవై దాటాయి.
రెండోవైపు మూడో పాటలో
ట్రాంబోన్ ఊపిరి చాలక ఆగిపోతుంది.
తక్కినవాళ్లు ఆగి, చూసి, మళ్లీ ఎత్తుకుంటారు.
ఆ ఖాళీని కత్తిరించలేదు వాళ్లు.
"ఆ ఆగిన చోటు కోసం కొనండి" అని రాశాను.

గ్రిమ్స్‌బీ చేపల గిడ్డంగిలో
రాత్రి కాపలా కాసే ఇవోనా అనే అమ్మాయి
ఫ్రీజర్ల రొద మీద సన్నగా
పోలిష్‌లో అంకెలు లెక్కపెడుతుంది.
అంతే. నలభై నిమిషాలు.
మొదటిసారి నవ్వాను.
రెండోసారి ఇదేం సంగీతమని విసుక్కున్నాను.
మూడోసారి వంట చేస్తూ విన్నాను,
ఆమె ఏడు వందల పన్నెండు దగ్గర తప్పి
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది.
నా ఉల్లిపాయలు మాడిపోయాయి.
"స్టవ్ ఆపేసి వినండి."

బ్రాడ్‌ఫర్డ్ టాక్సీ అతనిది ర్యాప్.
ఒక్కో పాట ఒక్కో సవారీ అంత.
దిగాల్సిన చోటు రాగానే
మాట మధ్యలోనైనా సరే పాట తెగిపోతుంది.
ఆస్పత్రి దాకా వెళ్లే పాటలో
వెనకసీటు మనిషి ఒక్క ముక్క మాట్లాడడు.
దీనికి ఏం రాయాలో తెలియక
"చిల్లర ఉంచుకోండి" అని రాశాను.
నోరీన్‌కి అర్థం కాలేదు. నాకూ అంతగా కాలేదు.

లింకన్ దగ్గర ఏదో పల్లె చర్చిలో ఆర్గన్.
ఒక గొట్టానికి చిల్లుపడి
స్వరం నిలవదు, జారుతుంది, ఊగి దిగుతుంది.
కవరు వెనక క్షమాపణ అచ్చేశారు పాపం.
తెనాలిలో మా వీధి సన్నాయి సాంబయ్య వింటే
దాన్నే గమకమని
ఇంకో వంద ఎక్కువ అడిగేవాడు.
క్షమాపణ మీదుగా కార్డు అంటించేశాను.

అడుగున ఒకటి మాత్రం
నిజంగానే బాగోలేదు.
కీబోర్డు మీద వర్షం అనుకున్నాడు ఎవరో,
కారే కుళాయిలా వచ్చింది.
అబద్ధం రాయొద్దన్నారు కదా,
ఖాళీ కార్డు గుచ్చాను.

మూడున్నరకే చీకటి.
చేపల వాసన కోటుతో ఒకాయన వచ్చి
కార్డులన్నీ వేలు పెట్టి చదువుకుని
ఖాళీదాని దగ్గర ఆగాడు.
"దీని గురించి ఏం చెప్పలేకపోయారా?"
లేదన్నాను.
"అంత బాగుంటుందా?" అని
ఆరు పౌండ్లు బల్ల మీద పెట్టి
చంకలో దూర్చుకుని వెళ్లిపోయాడు.

నోరీన్ నవ్వు హీటరు కన్నా ఎక్కువ వేడెక్కించింది గదిని.
ఇప్పుడు ఏ గదిలోనో ఆ కుళాయి కారుతూ ఉంటుంది,
ఆయన తల ఊపుతున్నాడేమో కూడా,
నా చెవిదేముంది.

తక్కిన నాలుగూ తలుపు పక్కనే ఉన్నాయి.
ఆది, సోమ సెలవు.
మంగళవారం పదింటికి తీస్తాం.
ట్రాంబోన్ ఆగే చోటు వచ్చేసరికి
కెటిల్ ఆపేస్తాను, మీరొస్తే.